మీ గొంతు కలవకూడదు

గ్రేటర్ నోయిడా కాలేజీలో ప్రదర్శన రోజున సాయిప్రకాష్ కోతలకు హద్దు లేదు. తెర మీద రంగురంగుల మెదడు కణాలు మిణుకుమంటుంటే, దగ్గర్లోని వైశాలి కాలనీ నుంచి వచ్చిన వీణ కళ్లింత చేసుకుని చూస్తోంది. అలాంటి కళ్లు ఎదురుగా ఉంటే పరిశోధక విద్యార్థి నోరు ఆగుతుందా?

"ఐదేళ్లు ఆగండి, మనిషి మెదడు మొత్తం కంప్యూటర్లోకి దించేస్తాం!"

"సచ్ మే? నిజంగా జ్ఞాపకాలు కూడానా?"

"అన్నీ!"

"అచ్ఛా... అయితే మా డాడీని దించుతారా?"

ఆమె తండ్రి గోవిందరాజులు రిటైరైన మిలటరీ సుబేదారు. మతిమరుపు జబ్బు ఆయన్ని రోజుకింత తినేస్తోంది. నిజానికి సాయిప్రకాష్ ల్యాబు కంప్యూటర్లో నడిచేది ఎలుక మెదడులో ఆవగింజంత ముక్కకు నకలు. అదీ ఎలుక చేసే పని ఒక్కటీ చేయదు. ఆ మాట దాచేశాడు. చెబితే ఈ అమ్మాయి మళ్లీ రాదు.

"ముందు ఆయన మాటలు రికార్డ్ చేయండి," అన్నాడు గొప్పగా. "మీ గొంతు మాత్రం కలవకూడదు."

వారం వారం ఆమె రికార్డింగులతో వచ్చేది. క్యాంటీన్లో టీ, వానలో ఇద్దరికీ ఒకే గొడుగు. "ఏం సైంటిస్టుగారూ, గొడుగు పట్టడం కూడా రాదా?" అని ఎగతాళి. అతను ఎప్పుడో మనసు పారేసుకున్నాడు.

ఒకరోజు గొడుగు లేకుండా తడిసి వచ్చింది.

"నిన్న డాడీ నన్ను ఎవరమ్మా నువ్వు అన్నారు. ఇంక లేట్ వద్దు. దించేయండి, ప్లీజ్."

ఇక దాచలేకపోయాడు. "అది ఎవరి వల్లా కాదు వీణా. ఊరికే కోతలు కోశాను. నిజం చెబితే నువ్వు రావని భయం. నువ్వంటే నాకు ప్రాణం."

ఆమె ఏడవలేదు. "డాడీ రోజూ కబుర్లు చెప్పమని అడిగేవారు. మీరు చెప్పారని ఫోన్లో రికార్డింగ్ పెట్టి నోరు మూసుకుని కూర్చున్నా. నేనెవరో ఆయనకి తెలిసిన రోజులన్నీ అలాగే పోయాయి."

అలాగే వానలోకి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు ఉండబట్టలేక వైశాలి వెళ్లాడు. తలుపు తీసిన వీణ తిట్టలేదు, రమ్మనలేదు. తలుపు మాత్రం వేయలేదు. వెళ్లి తండ్రి పక్కన కూర్చుని బెండకాయలు తరుగుతూ, సగం హిందీ సగం తెలుగులో ఆపకుండా కబుర్లు చెబుతోంది. పెద్దాయన నవ్వుతూ వింటున్నాడు. సాయిప్రకాష్ లోపలికెళ్లి ఆయన ఎదుట కుర్చీలో కూర్చున్నాడు.

ఆయన సాయిప్రకాష్ వైపు వంగి మెల్లగా అన్నాడు. "ఈ పాప మంచిది బాబూ. ఎంచక్కా మాటాడతాది. మా వీణకే నా మీద ఏటి కోపమో, ఒక్క మాటాడదు. నువ్వైనా చెప్పు."

వీణ చేతిలో కత్తి ఆగింది.

సాయిప్రకాష్ ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"కోపం మీ మీద కాదండీ," అన్నాడు. "నా మీద."