తీసేసిన గొంతు

దెయ్యాలకు నేనెప్పుడూ భయపడలేదు. నా బాధంతా మనుషుల మోతతోనే. ఆదోనిలో పత్తి మండీ వెనక సందులో నాకొక చిన్న గది ఉంది. జనాల ఇంటి వీడియోల్లోంచి అక్కర్లేని గొంతులు తీసేయడం నా పని. పుట్టినరోజు పాటలో కుక్కరు ఈల, సీమంతంలో మామగారి తిట్లు... అన్నీ నా చేతిమీదుగా పోవాల్సిందే.

ఒకనాడు మధ్యాహ్నం నందవరం నుంచి ప్రకాష్ అనే అబ్బాయి వచ్చినాడు. వాళ్ల పాపను తొట్టిలో వేసి పేరు పెట్టిన వీడియో తెచ్చినాడు.

"అక్కా, దీంట్లో ఒక ఆడమనిషి గొంతుంది. అది తీసెయ్యల్ల."

"ఎవరిదప్పా?"

"తెలీదు. మా ఇంట్లో ఎవరిదీ కాదు." గొంతు తగ్గించినాడు. "వీడియో పెడితే పాప ఆ గొంతుకే తిరుగుతాది. మేం పిలిస్తే సూడదు."

నాకు నవ్వొచ్చింది. టీ తాగి రాపో అని పంపించినాను. లారీల మోత రాకుండా షట్టర్ కిందికి లాగి, ఏడో నెల కడుపు బల్లకు తగలకుండా కూర్చున్నాను. రెండు పోయినాక నిలిచిన కడుపు. కూర్చున్నా భయమే, లేచినా భయమే.

వీడియోలో మేనత్త పాప చెవి దగ్గరికి వంగింది. ఆమె నోరు తెరవకముందే వెనకనుంచి ఎవరో మెల్లగా పిలిచినారు. "జ్యోత్స్నా..."

ఇంకా ఎవరూ పలకని పేరు అది. పాప తల అటు తిరిగింది.

వెనక్కి తిప్పి ఇంకోసారి విన్నాను. అయినా పని పనే. ఆ గొంతును వేరు చేసి తీసేసినాను. మళ్లీ వింటే వీడియో శుభ్రంగా ఉంది.

ఫోన్లో ప్రకాష్ మెసేజ్ వచ్చింది. "అక్కా, ఇంటినుంచి ఫోన్ వచ్చింది. పాప ఇప్పుడు మా పిలుపుకు తిరుగుతాందంట."

నేనింకా వీడియో ఇయ్యనే లేదు.

హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టినాను. గదిలో ఉక్క. ఎక్కడినుంచో పచ్చి పాల వాసన... అప్పుడు వెనక మూలనుంచి ఆ గొంతే ఒక పేరు పిలిచింది.

నా బిడ్డకు నేను మనసులో అనుకున్న పేరు అది. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆ పేరు ఈడ రాయను.

కడుపులో బిడ్డ మెల్లగా దొర్లింది... ఆ మూల వైపు.

షట్టర్ దగ్గరికి పోయి రెండు చేతులా ఎత్తినాను. అది లేవలేదు. కొట్టినాను. పక్క అంగడి దర్జీ హారూన్ పరిగెత్తి వచ్చినాడు.

"ఏమైంది అక్కా?"

"తెరువు అన్నా... తొందరగా..."

"పట్టేసింది. ఉండు, గునపం తెస్తా."

"యాడికీ పోవద్దు..."

హారూన్ పోయి గునపం తెచ్చి షట్టర్ కింద పొడవడం మొదలుపెట్టినాడు. వెనకనుంచి ఆ గొంతు మళ్లీ పిలిచింది. ఈసారి దగ్గరగా. బిడ్డ అటే తోస్తాంది. రెండు చేతులతో కడుపు పట్టుకుని, తిరగొద్దు నా తల్లీ, తిరగొద్దు అని మనసులోనే బతిమాలినాను. ఏడుపు ఆగలేదు. నేనైతే పలకను అని పెదాలు పండ్లతో బిగబట్టినాను.

మూడోసారి పిలిచింది.

"ఊ..."

నేను కాదు పలికింది. నా నోరు మూసే ఉంది.

షట్టర్ బయట గునపం చప్పుడు ఆగిపోయింది. హారూన్ సన్నగా అడిగినాడు.

"అక్కా... లోపల ఎవరి బిడ్డ?"