మేకుకి చుట్టిన తాడు

మా పేట చివర, కాలవ గట్టు మీద చర్చి గంటస్తంభం ఉంది చూడండి… దానికి చెడ్డపేరు వచ్చి ఏడాది కూడా కాలేదు. అయినా ఎంత పేరండీ! చీకటి పడితే ఆ గట్టు మీద కుక్క కూడా నడవదు అనేవారు. కుక్కలు హాయిగానే నడిచేవి. నడవనిది మా మగాళ్ళే.

కిరాణా కొట్టు వీరబాబు మీసం చూస్తే పులి గుర్తొస్తుంది. ఆ పులి ఏడున్నరకల్లా షట్టరు దించేసి, చేలకడ్డంపడి ఇంటికి పోయేది.

ఎందుకంటే — ఆ గంట చావుగంట కొడుతోంది.

మా దగ్గర ప్రార్థనకి గంట గబగబా మోగుతుంది. ఎవరన్నా పోతే మాత్రం… ఒక్క దెబ్బ. ఆగుతుంది. వింటున్నవాళ్ళు ఊపిరి బిగబట్టేంతసేపు ఆగుతుంది. మళ్ళీ ఒక్క దెబ్బ. ఆ రెండిటి మధ్య నిశ్శబ్దమే చావు కబురు.

పెళ్ళి కాకముందు నుంచీ పోయేదాకా ఆ గంట తాడు లాగింది సాలమోను తాత. తాత పోయాక తాడు లాగే ఓపిక ఇంకెవరికీ లేకపోయింది. గంటకో సుత్తి, సుత్తికో మోటారు, మోటారుని నడపడానికో పెట్టె పెట్టించేరు. తాడుని స్తంభం వెనక మేకుకి చుట్టి వదిలేసేరు.

అప్పట్నుంచి పొద్దుటి గంట బాగానే మోగేది. రాత్రి ఎనిమిది గంటల ప్రార్థనకి మాత్రం, కొన్ని రోజులు… ఒక్క దెబ్బ. నిశ్శబ్దం. మళ్ళీ ఒక్క దెబ్బ.

ఊళ్ళో చూస్తే ఎవరూ పోలేదు. తెల్లారి మేకు దగ్గర చూస్తే తాడు చుట్టింది చుట్టినట్టే ఉండేది. దాని మీద సాలెగూడు కూడా చెదిరేది కాదు.

"సాలమోనే," అన్నారు. "తన గంటని మోటారుకిచ్చేరని తిరిగొచ్చేడు."

"కాదెహే… పెళ్ళాన్ని పిలుస్తున్నాడు!"

ఈ రెండో మాట వీరబాబుది. పంచదార తూస్తూ అన్నాడు. తూకంలో కొసరు వెయ్యని మనిషి, మాటల్లో మాత్రం ఎంత కావాలంటే అంత వేస్తాడు. అది సాయంత్రానికల్లా తాత భార్య మరియమ్మ మామ్మ చెవిలో పడింది.

మామ్మ తలంటుకుంది. తెల్లచీర కట్టుకుంది. మంచం మీద పడుకుని తిండి మానేసింది.

"ఆయన పిలుస్తుంటే గంజి తాగుతూ కూర్చోమంటారేంటే?"

ఆ మాట విన్నప్పుడు నాకు కళ్ళనీళ్ళాగలేదు. మట్టిలోంచి కూడా గంట కొట్టి పిలిచే మొగుడు… ఎంతమందికి దొరుకుతాడు! కానీ మర్నాటికి మామ్మ చెంపలు లోపలికి పోయేయి. ఇక ఆ ప్రేమ అందంగా కనబడలేదు నాకు.

తర్వాత జరిగింది చర్చి చూసుకునే లాజరు బాబాయి చెప్పిందే చెబుతున్నాను.

మామ్మ మనవరాలు నిర్మల కాకినాడ నుంచి వచ్చింది. మోటారు కంపెనీలో ఇలాంటి పెట్టెలకి ప్రోగ్రాములు రాయడమే ఆమె ఉద్యోగం. వచ్చిన రాత్రే బాబాయిని వెంటబెట్టుకుని గంట కింద నిలబడింది.

ఎనిమిదయ్యింది. మోటారుని నడిపే ఆ పెట్టెలోంచే కీర్తన పాట కూడా మొదలైంది. గంట… టంగ్!

ఆగింది.

కీర్తన సాగుతోంది. గంట లేదు. ఎండిన కొబ్బరిమట్ట ఒకటి గోడని గీకుతోంది… బర్ర్… బర్ర్… బాబాయి 'యేసయ్యా' అనుకున్నాడు. అప్పుడు —

టంగ్!

"బాబాయ్," గుసగుసగా అడిగింది నిర్మల, "పొద్దుట కూడా కీర్తన వస్తుందా?"

"రాదమ్మా… రాత్రే."

చీకట్లో నిర్మల నవ్వింది. గంట కన్నా ఆ నవ్వుకే ఎక్కువ భయమేసిందట బాబాయికి.

ఇంటికెళ్ళి మామ్మ చెవి దగ్గర వంగింది. "మామ్మా… తాతయ్య ఇంత చెత్తగా కొట్టేవాడా?"

మామ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు చీకటి పడే వేళకి, పెట్టె చేసిన శ్యామ్ సుందర్ని అమలాపురం నుంచి రప్పించేరు. సూర్యుడు పోయినా నల్లకళ్ళద్దాలు తియ్యని రకం.

"ఆత్మల మీద నేను గ్యారంటీ ఇవ్వలేదండీ," అన్నాడు వస్తూనే.

నిర్మల లాప్‌టాప్ కలిపి చూసింది. "తప్పు డ్రైవర్లో ఉంది."

"ఏ డ్రైవరమ్మా? పెట్టెని వ్యానులో తెచ్చినవాడా?" అన్నాడు బాబాయి.

"కాదు బాబాయ్. పెట్టెలో టైమర్ని నడిపే ప్రోగ్రాముని కూడా డ్రైవరే అంటారు."

"ఆయ్… అయితే తాగి నడిపినట్టున్నాడు."

శ్యామ్ సుందర్ గొంతు సవరించుకున్నాడు. "మనిషి లాగినట్టు ఉండాలని దెబ్బదెబ్బకీ విరామం తగ్గించేనండీ. అదో కళ."

"తగ్గించండి. టైమరు నడుస్తుండగా తగ్గిస్తారా? అది అంకెలు లెక్కబెడుతూ పోతుంది. మీరిచ్చిన అంకె రాగానే సుత్తి కొడుతుంది. రాత్రి కీర్తన పని కూడా మీదపడి, మీ కొత్త అంకె ఆలస్యంగా అందుతోంది. అప్పటికే లెక్క దాన్ని దాటేస్తోంది."

"దాటితే?" అన్నాడు బాబాయి.

"బస్సు మామిడికుదురు దాటేశాక మామిడికుదురులో ఆపమంటే ఏమవుతుంది? ఆఖరిదాకా పోయి, మళ్ళీ మొదట్నుంచి బయల్దేరి వచ్చినప్పుడే ఆగుతుంది. అంతసేపూ గంట మోగదు. మీరంతా దాన్ని చావుగంట అనుకున్నారు."

"మరేం చెయ్యాలమ్మా?"

"ముందు బస్సు ఆపాలి. స్టాపు మార్చాలి. స్టాండులోంచి మళ్ళీ బయల్దేరదీయాలి."

"ఇంతేనా!"

"ఇంతే. దీనికి మా మామ్మ తిండి మానేసింది."

శ్యామ్ సుందర్‌కి సిగ్గేసిందనుకున్నారా? "ఎన్ని గుళ్ళకీ చర్చిలకీ పెట్టేనండీ, ఎవరూ అడగలేదు," అన్నాడు.

"వెళ్ళి కనుక్కోండి, అక్కడెన్ని దెయ్యాలున్నాయో."

పని మధ్యలో మోగకుండా నిర్మల సుత్తి తీగ లాగేసింది. కరెంటు మెయిన్ కూడా ఆపించింది. స్తంభం చుట్టూ చీకటి… లాప్‌టాప్ వెలుగులో ముగ్గురి మొహాలే. కొత్త ప్రోగ్రాము పెట్టెలోకి ఎక్కుతోంది. కొబ్బరిమట్ట కూడా కదలడం మానేసింది.

టంగ్.

శ్యామ్ సుందర్ పెదాలు తడుపుకున్నాడు. "తీగ… తీగ పెట్టేసేరాండీ?"

నిర్మల చెయ్యి పైకెత్తింది. తీగ ఆమె చేతిలోనే ఉంది.

టంగ్! టంగ్! టంగ్! టంగ్!

కళ అన్నవాడు ఒక్క గెంతు గెంతేడు. కళ్ళద్దాలు ఎక్కడో, చెప్పు కాలవ బురదలో… బండి కూడా వదిలేసి, వీరబాబు కొట్టుదాకా పరిగెత్తి షట్టరు బాదేడట. పులి లోపల్నుంచి పలికితేగా!

లాజరు బాబాయి పారిపోలేదు. "ధైర్యం కాదురా… మోకాళ్ళు రాలేదు," అని ఆయనే చెప్పేడు.

నిర్మల ఫోను లైటు వేసి స్తంభం వెనక్కి వెళ్ళింది. బాబాయి ఆమె భుజం పట్టుకుని వెళ్ళేడు.

మేకు ఖాళీగా ఉంది.

తాడు వేలాడుతోంది… ఊగుతోంది. దాని కొసన తెల్లగా ఏదో, పైకి లేస్తూ, కిందికి కుంగుతూ —

"ఇదిగో," అంది మరియమ్మ మామ్మ ఆయాసపడుతూ, "ఇలా కొట్టేవాడే మీ తాత! చెత్తగా కొట్టేవాడా అంటావా?"

నిర్మల గబుక్కున వెళ్ళి మామ్మని పట్టుకుంది.

మామ్మ మోటారువైపు చూసి 'థూ' అని ఉమ్మేసింది. తాడుని తీసుకెళ్ళి మళ్ళీ మేకుకి చుట్టలేదు. అలాగే వదిలేసి, మనవరాలి భుజం మీద బరువంతా వేసింది.

"నిన్నటి చేపల పులుసు ఉందా, పారబోసేరా?"