గుర్రాల జాగలో ఏడ్పు

గుజరాత్‌లోని ఉన్ అనే ఊళ్లో కార్మికుల వరుసగదుల చాళ్లు అయిపోయిన చోట, సచిన్ ఊరి వైపు పోయే మట్టిబాట పక్కన ఒక ఖాళీ జాగా ఉంది. అక్కడి మన తెలుగువాళ్లు దాన్ని గుర్రాల జాగ అంటారు. పగటిపూట చూస్తే అక్కడ భయపడేదేమీ ఉండదు. మూడు తాటిచెట్లు, తుమ్మపొదలు, అవతల చెరకుతోట, ఇవతల కొత్తగా లేచిన హౌసింగ్ సొసైటీ గోడ. ఆ గోడ వెంబడి మట్టిగుర్రాలు... ఒకదానికి తల లేదు, ఒకదానికి కాళ్లు లేవు. ఆ నేల మీదే పుట్టిపెరిగిన హల్పతి తెగవాళ్లు మొక్కు తీరినప్పుడల్లా ఒక గుర్రం తెచ్చి అక్కడ నిలబెట్టేవాళ్లట. సొసైటీ కట్టేటప్పుడు బుల్‌డోజర్ వాటన్నిటినీ ఒక పక్కకు నెట్టేసింది. గోడ లోపల చలువరాతి గుడి లేచింది. గుర్రాలు గోడ బయట మిగిలిపోయాయి.

పొద్దుగూకితే ఆ దారిన ఎవరూ పోరు.

అక్కడ ఆడమనిషి ఏడుస్తుందని చెబుతారు. ఉత్తి ఏడుపు కాదు — రాగం తీసి, మాటలు పేర్చి, ఎవరినో పిలుస్తున్నట్టు ఏడుస్తుందట. ఒకరు అది గుజరాతీలో విన్నామంటారు, ఒకరు ఒరియాలో అంటారు. దెయ్యానికి అన్ని భాషలూ వస్తాయని ఆటో నడిపే మల్లేష్ ఒట్టు పెట్టి మరీ చెప్పేవాడు. అతను ఒకసారి జుట్టు విరబోసుకున్న మనిషిని చూసి, ఆటో అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చి, వారం దినాలు జ్వరంతో పడుకున్నాడు.

అలాంటి దారిన ఒక రాత్రి ఊర్మిళ ఒంటరిగా పోయింది. పొమ్మని పంపింది ఆమె అత్తే.

ఊర్మిళ వాళ్లు సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చిన మగ్గం వాళ్లు. భర్త నర్సింగం సచిన్ దగ్గర పవర్‌లూమ్ కార్ఖానాలో రాత్రి పాళీ చేస్తాడు. అత్త కొమురవ్వ, వాళ్లిద్దరు, ఒక్క గది. ఒక్క బిడ్డ ఉండేది, తేజశ్రీ. నాలుగేండ్ల పిల్ల. ఆ వానాకాలంలో డెంగీ జ్వరం వచ్చి, పిల్ల పోయింది.

చిన్నపిల్ల కాబట్టి కట్టెల మీద పెట్టలేదు. పదకొండో దినం అనేది కూడా లేదు. మగవాళ్లు గుడ్డలో చుట్టి తీసుకుపోయి, మధ్యాహ్నానికల్లా పూడ్చి వచ్చారు. ఆ వేళకు పై అంతస్తులో ఓనర్ల ఇంట్లో సత్సంగం నడుస్తోంది. కొమురవ్వ గోడకు ఆనుకుని కూచుని, మనుమరాలి పేరు ఎత్తి గొంతు లేపిందో లేదో, ఓనరు భార్య మెట్ల మీదికి వచ్చి నిలబడింది.

"బెన్... జర మెల్లగా," అంది, అక్కా అని పిలిచినట్టు.

కోపంగా అనలేదు. కండ్లల్లో నీళ్లు పెట్టుకునే అంది. కొమురవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. అంతే. ఆ గదిలో ఇక ఏడుపు వినిపించలేదు. కులసంఘం వాళ్లు తేజశ్రీ ఫోటో చుట్టూ పూలు పెట్టి గ్రూపులో పంపారు. అందరూ కింద చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. మర్నాటి రాత్రి నర్సింగం పాళీకి పోయాడు.

ఊర్మిళ ఏడవలేదు. ఆరోజూ లేదు, ఆ తర్వాతా లేదు. లేచేది, నీళ్లు పట్టేది, అన్నం వండేది. పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. చీరలకు మెరిసే టిక్కీలు కుట్టే పని తెచ్చుకుని కిటికీ దగ్గర కూచునేది. ఎవరైనా తేజశ్రీ మాట ఎత్తితే, వేరే ఊళ్లో ఎవరి సంగతో వింటున్నట్టు వినేది. లోపల ఎక్కడో తలుపు మూసుకుపోయింది. ఆమె కూడా దాన్ని తట్టి చూడలేదు.

దీపావళి దాటాక ఒక సాయంత్రం కొమురవ్వ చూసింది — కోడలి ఒళ్లో ఉన్న తెల్లచీర మీద ఎర్రగా మరక. సూది వేలిలో దిగి ఉంది. ఊర్మిళ దాన్ని తీయనైనా తీయలేదు. ఆ చేత్తోనే దారం లాగుతోంది.

కొమురవ్వ వచ్చి సూది తీసింది. వేలు గట్టిగా నొక్కింది. ఊర్మిళ ఉలిక్కిపడలేదు.

"నొస్తలేదా?"

"ఏమో అత్తా."

కొమురవ్వ సూదిని దారపు ఉండకు గుచ్చి లేచింది. బయట చీకటి పడింది. పొయ్యి మీద నుంచి కూర దించి, నర్సింగం కోసం డబ్బా కట్టింది. రోజూ ఆ డబ్బా మల్లేష్ ఆటోలో పోతుంది. ఆరోజు ఆమె మల్లేష్‌ను పిలవలేదు.

"నువ్వే పోయి ఇచ్చిరా," అంది. "గుర్రాల జాగ మీదికెల్లి పో. దగ్గరైతది."

పక్కగది గడపలో కూచున్న ప్రసన్న ఆ మాట విని నోరు తెరిచింది. ప్రసన్న మల్లేష్ భార్య. "అవ్వా, గీ యాళప్పుడా... గా దారినా? మీకేమైన అయిందా?"

కొమురవ్వ ఆమె వైపు చూడలేదు. కోడలి చేతిలో డబ్బా పెట్టి, నెత్తిన చెయ్యి పెట్టి తీసింది.

ఊర్మిళ చెప్పులేసుకుని బయలుదేరింది. ఎందుకని అడగాలని కూడా తోచలేదు.

చాళ్ల వెలుతురు వెనకబడింది. సొసైటీ గోడ మొదలైంది. గోడ లోపల గుడిలో హారతి అయిపోయినట్టుంది, మైకు ఆగింది. అది ఆగేసరికి చెరకుతోట చప్పుడు తెలియవచ్చింది — ఎండుటాకులు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు. ఎవరో చీర ఈడ్చుకుంటూ నడుస్తున్నట్టు...

ఆమె నడుస్తూనే ఉంది.

మొదటి తాటిచెట్టు దాటింది. రెండోది దాటింది.

అప్పుడు వినిపించింది.

సన్నగా... నేలలోంచి వస్తున్నట్టు. ఒక పొడుగు రాగం, మధ్యలో తెగి, మళ్లీ అందుకుని... మాటలున్నాయి అందులో. గుజరాతీ మాటలే, కానీ బజార్లో వినే గుజరాతీ కాదు. ఒక మాట మాత్రం మళ్లీ మళ్లీ వస్తోంది. అది ఎవరిదో పేరని ఊర్మిళకు అర్థమైంది.

ఆగింది.

గోడ నీడలో, తల లేని గుర్రం పక్కన — ఒక మనిషి కూచుని ఉంది. తెల్లజుట్టు విరబోసుకుని. నడుం వంగిపోయి. ముందుకీ వెనక్కీ ఊగుతూ...

భయం రావాలి. మల్లేష్ లాగా డబ్బా అక్కడే పడేసి పరుగెత్తాలి. ఊర్మిళ తన కాళ్ల వైపు చూసుకుంది. అవి కదలలేదు. గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. ఇంకెవరి మీదికో వచ్చిన ఆపదను దూరం నుంచి చూస్తున్నట్టుంది ఆమెకు.

ఏడుపు ఆగింది. ఆ మనిషి తల తిప్పింది. ముడతల మొహం, పళ్లు లేని నోరు. చేత్తో తన పక్కన నేలను తట్టింది.

"బేస్," అంది. కూచో అని.

ఊర్మిళ వెళ్లి కూచుంది. డబ్బా ఒళ్లో పెట్టుకుంది.

తర్వాత ముసలామె వచ్చీరాని హిందీలో, గుసగుసగా అడిగింది.

"ఎవరు పోయారు?"

"బిడ్డ."

"పేరు?"

"తేజశ్రీ."

ఆ పేరు పైకి అని ఎన్నాళ్లయిందో ఊర్మిళకు గుర్తు రాలేదు. ముసలామె ఆ పేరును నోట్లో రెండుమూడు సార్లు తిప్పింది, సరిగ్గా రావడానికి. తర్వాత కండ్లు మూసుకుని ఊగడం మొదలుపెట్టింది. ఆ పాత రాగంలోనే, ఆ భాషలోనే... కానీ ఇప్పుడు మధ్యమధ్య వస్తున్న పేరు వేరే. తేజశ్రీ. ఎన్నడూ చూడని పిల్ల కోసం ఆమె ఏడుస్తోంది. ఏడుస్తూ ఒక చెయ్యి చాపి ఊర్మిళ వీపు మీద వేసింది. ఆ చెయ్యి కూడా రాగంతో పాటే ఊగుతోంది.

"మీ వాళ్లు ఎట్లా అంటూ ఏడుస్తారో అట్లా అను," అంది మధ్యలో ఆగి. "లోపల పెట్టుకోకు. పోయిన వాళ్లకు దారి దొరకదు."

ఊర్మిళకు ఏమనాలో తెలియలేదు. చిన్నప్పుడు ఊళ్లో విన్నది — చావింట్లో ఆడవాళ్లు ఒకరి మెడ మీద ఒకరు చేతులేసుకుని, పోయిన వాళ్ల ముచ్చట్లన్నీ చెప్పుకుంటూ ఏడ్చేవాళ్లు. వాళ్లమ్మ ఏడ్చేది, మేనత్త ఏడ్చేది. తనకు ఎవరూ నేర్పలేదు. నోరు తెరిచింది. గాలే వచ్చింది. మళ్లీ తెరిచింది...

"ఓ బిడ్డా..."

ఆ గొంతు ఎవరిదో అనుకుంది. తనది కాదు. వాళ్లమ్మ గొంతు లాగా ఉంది.

"ఓ నా బిడ్డా... ఎర్రగౌను ఉతికి ఆరేస్తినే బిడ్డా... తీసి ఎవలకు తొడుగుదునే... నల్లా కాడ నీళ్లు రాంగనే ఉరుకొస్తుంటివే బిడ్డా... నీళ్లొచ్చినయే... నువ్వేడున్నవే... మన్నుల సలి పెడ్తలేదానే తేజా..."

మాట తర్వాత మాట దానంతట అదే వచ్చింది. ఊర్మిళ దాన్ని పక్కన నిలబడి వింటున్నట్టు విన్నది. ముసలామె ప్రతి మాట చివరా రాగం అందుకుంది. ఒక భాషలో ఒకరు, ఇంకో భాషలో ఇంకొకరు. గోడ లోపల ఎవరో లైటు వేశారు. ఎవరో కిటికీ తలుపులు దబదబా మూశారు.

గొంతు పోయేదాకా ఏడ్చింది. ఆపినప్పుడు మనసు తేలికపడలేదు. ఏమీ మారలేదు. కానీ దోమలు కుడుతున్నాయని తెలిసింది. అప్పటిదాకా తెలియలేదు. నేల చల్లగా ఉంది, కాళ్లు తిమ్మిరెక్కాయి.

ముసలామె ఆమె మొహం తుడిచింది. "పో ఇంక," అంది.

కార్ఖానా గేటు దగ్గర నర్సింగం వచ్చి డబ్బా తీసుకున్నాడు. లోపల మగ్గాల మోత. చెవుల్లో దూది తీసి, "గింత ఆలస్యమేంది?" అన్నాడు. తర్వాత లైటు వెలుతురులో ఆమె మొహం చూశాడు. కండ్లు వాచి ఉన్నాయి.

"ఏడ్సినవా?"

తలూపింది.

నర్సింగం డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. లోపల నుంచి ఎవరో కేకేశారు. అతను పోలేదు. గేటు గోడకు ఆనుకుని కింద కూచున్నాడు. మొహం మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. ఏడుపు వినిపించలేదు, మగ్గాల మోతలో ఏమీ వినిపించదు. ఊర్మిళ పక్కన కూచుని అతని వీపు మీద చెయ్యి వేసింది.

పొద్దున నల్లా దగ్గర అందరూ అదే మాట్లాడుకుంటున్నారు.

"అక్కా, నీకేం కాలేదుగా?" ప్రసన్న గొంతు తగ్గించి అడిగింది. "రాత్రి మళ్ల ఏడ్సిందట. సొసైటీ వాచ్‌మెన్ చెప్పిండు మా ఆయనకు. గీసారి తెలుగుల ఏడ్సిందట అక్కా. బిడ్డా బిడ్డా అని... ఒక్కతే. ఎంతసేపో ఏడ్సిందట."

ఊర్మిళ నల్లా కిందికి జరిగింది. బిందె నింపుకుని గదిలోకి వచ్చింది.

కొమురవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే, "గొంతు మండుతుందా? ఏన్నీళ్లు పెట్టిన, తాగు," అంది.

ఊర్మిళ బిందె దించి, అలాగే నిలబడింది. "నీకు ముందే ఎరుకనా అత్తా?"

"మీ మామ పోయినంక నేను గాడనే ఏడ్సిన. గీ గదులల్ల ఏడ్సే జాగ యాడున్నది? నాకు ముందు ఒరియా పిల్ల ఒకతె పోతుండె. నా తరువాత ఎవలు పోయిన్రో." కొమురవ్వ ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. "దయ్యం లేదు, గియ్యం లేదు బిడ్డా. ఆడోళ్లమే."

ఊర్మిళ నీళ్లు తాగింది. గొంతు మండింది. "ఆ ముసలామె మంచిది," అంది. "తేజ పేరు పెట్టి ఏడ్సింది."

"ఏ ముసలామె?"

"గుజరాతీ ముసలామె. పండ్లు లేవు, నడుం వంగింది. తల లేని గుర్రం కాడ కూసున్నది."

బియ్యంలో కొమురవ్వ చెయ్యి ఆగిపోయింది.

"వీపు మీద చెయ్యేసిందా?"

"ఆఁ."

కొమురవ్వ చాట పక్కన పెట్టింది. మాట గుసగుసగా వచ్చింది.

"మీ మామ పోయి ఇరవై రెండేండ్లాయె ఊర్మిళా. ఆమె నాకు గూడ వీపు మీద చెయ్యేసింది. అప్పటికే ఆమెకు తొంబై దాటినయేమో, పండ్లు లేవు... అప్పటికే గట్లనే ఉండె."

ఊర్మిళ గ్లాసు కింద పెట్టబోయింది. అది పక్కకు ఒరిగి నీళ్లు ఒలికాయి. వీపు మీద, సరిగ్గా ఆ చోట, చల్లగా ఏదో పాకింది. గుండె దడదడా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

తేజశ్రీ పోయిన తర్వాత మొదటిసారి ఆమెకు భయం వేసింది.