ముందు బిగించిన మోటార్

ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట "కదలకండి."

ప్రేమ కథల్లో అమ్మాయి మొదటిసారి ఎదురుపడితే "కళ్ళు కనపడట్లేదా" అంటుంది, లేదా కనీసం "ఎక్స్‌క్యూజ్ మీ" అంటుంది. నాకు మాత్రం ఫొటో స్టూడియోలో ఇచ్చినట్టు ఆర్డరొచ్చింది. నేను బుద్ధిగా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. బోటు మాత్రం కదులుతూనే ఉంది.

"మిమ్మల్ని కాదండీ, బోటుని! తాడు చూడండి ఎలా వాలిపోతోందో!"

ఊరంతటికీ కుళాయి నీళ్ళిచ్చే పెద్ద చెరువు మాది. అంటే మాది కాదు, నాన్న అందులో బోటు నడుపుతాడు, ఆ చనువు కొద్దీ అంటున్నాను. ఆవిడ నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తుంది. ప్రతి బుధవారం వచ్చి, చెరువు మధ్యకెళ్ళి, బరువు కట్టిన సీసాని తాడుతో లోతుకి దించి నీళ్ళు పట్టుకెళ్తుంది. తాడు నిటారుగా దిగాలి. అంటే బోటు ఒకచోట నిలబడాలి. నాన్న భుజం నొప్పి చూసిన డాక్టర్ తెడ్లు ముట్టుకోవద్దనడంతో బోటు నా చేతికొచ్చింది. నా చేతిలో అది గాలి మాట తప్ప ఇంకెవరి మాటా వినేది కాదు.

ఆ తర్వాతి బుధవారాల్లో మా మధ్య సంభాషణ బాగానే పెరిగింది. ఆవిడ "తాడండీ" అనేది. నేను "సారీ అండీ" అనేవాణ్ణి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను గాలిని తిడుతుంటే ఆవిడ పెదవి కొరికి నవ్వాపుకునేది. ఆ నవ్వు కోసం నేను తెడ్డు వెయ్యడం సరిగ్గా నేర్చుకోలేదని మా నాన్న అభిప్రాయం. నేర్చుకున్నా రాలేదన్నది నిజం.

ఒక బుధవారం ఆవిడ సీసా పైకి లాగి, అందులో నీళ్ళనీ, నన్నూ ఒకే రకంగా అనుమానంగా చూసింది.

"ఇలా అయితే కుదరదండీ. ఇకనుంచి మోటార్ ఉన్న బోటే తీసుకోమన్నారు ఆఫీసులో. అవతలి గట్టు ఆయన దగ్గర ఎలక్ట్రిక్‌ది ఉందట కదా."

తాగే నీళ్ళు కాబట్టి చెరువులో పెట్రోలు ఇంజన్లు పనికిరావు. ఎలక్ట్రిక్ మోటార్ ఉన్నది అవతలి గట్టు వాడొక్కడి దగ్గరే. వాడికి నల్ల కళ్ళద్దాలు, మెలేసిన మీసం కూడా ఉన్నాయి. నా దగ్గర ఈ మూడింట్లో ఒక్కటీ లేదు.

"మోటారా? మేమూ పెడుతున్నామండీ!" నా నోరు నన్నడక్కుండానే అనేసింది.

"బిగించడం వచ్చా మీకు?"

"భలేవారే! మోటార్లంటే నాకు మంచినీళ్ళ ప్రాయం."

"ఈ నీళ్ళు ఇంకా టెస్ట్ చెయ్యలేదండీ," అంది ఆవిడ. "సరే, వచ్చే బుధవారం ఒక్క ఛాన్స్. కుదరకపోతే ఏడాది మొత్తానికీ అవతలి గట్టు బోటే. మళ్ళీ మళ్ళీ మార్చడానికి వీల్లేదు మాకు."

ఏడాది మొత్తం! ఆవిడ గట్టెక్కి వెళ్ళిపోయాక చాలాసేపు నేనక్కడే కూర్చున్నాను. మోటార్లతో నా అనుభవం ఇంట్లో మిక్సీ స్విచ్ వెయ్యడం దగ్గర మొదలై, అక్కడే ఆగిపోయింది.

నాన్న స్నేహితుడు ఒకాయన బ్యాటరీల షాపు నడుపుతాడు. మేమంతా బ్యాటరీ బాబాయ్ అంటాం. ఆయన షాపు మూలన దుమ్ము కొట్టుకుపోయిన ట్రోలింగ్ మోటార్ ఒకటుంటే బతిమాలి తెచ్చుకున్నాను. టేబుల్ ఫ్యాన్‌ని తలకిందులు చేసినట్టుంటుంది. పొడుగాటి గొట్టం, కింద నీళ్ళలో తిరిగే చిన్న ఫ్యాన్, పైన చేత్తో తిప్పే హ్యాండిల్, బోటు అంచుకి పట్టించడానికి రెండు మరల క్లాంప్. తీరా బోటు దగ్గరికి తెచ్చాక ఎలా మొదలెట్టాలో తెలీక బాబాయ్‌కి ఫోన్ చేశాను. షాపులో ఒకటే గోల.

"బాబాయ్, మోటార్, బ్యాటరీ ఎదురుగా పెట్టుకు కూర్చున్నా. ఏం చెయ్యమంటావ్?"

"మోటార్ ముందు బిగించరా! బ్యాటరీ సంగతి వెనక చూద్దాం!"

ఫోన్ కట్టయింది. ఇంత స్పష్టంగా చెప్పాక ఇంకేం అడుగుతాం? మోటార్ ముందు, బ్యాటరీ వెనక.

బోటు ముందు భాగం ముక్కులా సన్నగా ఉంటుంది. క్లాంప్ ఎంతకీ పట్టదు. మోటార్ తయారుచేసినవాడికి బోటంటే ఏమిటో తెలీదని తిట్టుకుంటూ, ముక్కుకి అడ్డంగా ఒక చెక్క మేకులతో కొట్టి, దానికి మోటార్ బిగించాను. బ్యాటరీని మోసుకెళ్ళి వెనక చివర పెట్టాను. మధ్యలో వైర్లు లాగాను. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. అదొక్కటీ సరిగ్గా చేశాను.

నాన్న వచ్చి బోటు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏంట్రా, బోటుకి ముక్కుపుడక పెట్టావు?"

"బాబాయ్ చెప్పాడు నాన్నా."

"వాడా? వాడు చెప్తే సరే మరి. తెడ్లు లోపల పెట్టుకున్నావా?"

"మోటార్ ఉండగా తెడ్లెందుకు నాన్నా?"

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారు. దాటకముందే తగలేసినవాణ్ణి మాత్రం నన్నే చూడాలి.

బుధవారం ఆవిడ సీసాల పెట్టెతో వచ్చింది. వెనక సీటులో, బ్యాటరీ పక్కన కూర్చోబెట్టాను. నేను ముందు కూర్చుని, అవతలి గట్టు వాడి మీసాన్ని మనసులోనే గొరిగేసి, హ్యాండిల్ తిప్పాను.

బోటు దర్జాగా వెనక్కి వెళ్ళి గట్టుకి గుద్దుకుంది.

"వెనక్కెళ్తోందేంటండీ?"

"రివర్స్ చెక్ చేస్తున్నానండీ."

"ముందుకెళ్ళడం కూడా చెక్ చేస్తారా?"

ఎంత తిప్పినా అది వెనక్కే. లాభం లేదనుకుని దిగి, బోటు మొత్తాన్నీ చేత్తో తిప్పి, తోకని చెరువు వైపు పెట్టి ఎక్కాను. ఇప్పుడు వెనక్కెళ్తే చెరువు మధ్యకే వెళ్తుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. హ్యాండిల్ ఎడమకి తోస్తే బోటు కుడికి పోతుందని అప్పటికి తెలీదు కాబట్టి తాగినవాడిలా ఊగుతూ వెళ్ళాం. ఒక్కటే సుఖం. ఆవిడ నాకు ఎదురుగా ఉంది. మొహం చూస్తూ నడుపుతున్నాను. దారి చూడకపోవడానికి అది కూడా ఒక కారణం.

చెరువు మధ్యకొచ్చేసరికి వెనక బ్యాటరీ బరువు, ఆవిడ బరువు, సీసాల బరువు కలిసి తోక కిందికి కుంగింది. నేనున్న ముక్కు పైకి లేచింది. ఫ్యాన్ సగం గాల్లో తిరుగుతూ తెల్లగా నురగ చిమ్ముతోంది. బోటు మాత్రం కదలట్లేదు.

"సోడా కొడుతున్నారా?" అంది ఆవిడ, తడిసిన భుజం తుడుచుకుంటూ.

నేను హ్యాండిల్ ఇంకా గట్టిగా తిప్పాను. నా మేకులు ఊడాయి. చెక్కతో సహా మోటార్ నీళ్ళలోకి జారబోతుంటే రెండు చేతులా వాటేసుకుని స్విచ్ ఆపేశాను.

"తెడ్లేవండీ?"

"గట్టు మీద ఉన్నాయండీ."

ఆవిడ గట్టు వైపు చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను మోటార్‌ని ఎత్తుకుని పసిపిల్లాణ్ణి ఆడిస్తున్నట్టు కూర్చున్నాను.

"నిజం చెప్పండి. మీకు మోటార్ బిగించడం వచ్చా?"

"రాదండీ."

"మరెందుకు వచ్చన్నారు?"

ఎలాగూ మునిగాం. ఇంక మాట దాచుకుని ఏం చేస్తాను? "మీరు అవతలి గట్టుకి వెళ్ళిపోతారని భయమేసిందండీ. వారమంతా నేను బుధవారం కోసమే ఉంటున్నాను. మీరు తాడు వంక చూస్తారు, నేను మిమ్మల్ని చూస్తాను. బోటు నిలబెట్టడం మీద ధ్యాస ఎలా ఉంటుంది చెప్పండి? మీరంటే నాకు ఇష్టం. మోటార్ గురించైతే నాకు ఏమీ తెలీదు."

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఆవిడ తన రెయిన్ కోటు తీసి సీసాల పెట్టెకి కప్పింది.

"తడుస్తారండీ."

"నేను తడిస్తే ఆరతాను. సీసాల్లో వాన నీళ్ళు పడితే ల్యాబు ఒప్పుకోదు."

నేను అంత మాట అన్నదానికి జవాబు అదా, లేక జవాబు ఇంకా రావాలా అని ఆలోచిస్తుండగానే నాన్న చిన్న పడవేసుకుని, మూలుగుతూ తెడ్లేసుకుంటూ వచ్చాడు.

"అంకుల్, మీరు తెడ్లు వెయ్యకూడదు కదా!" అని ఆవిడ ఆ పడవలోకి మారి ఒక తెడ్డు లాక్కుంది. నేనూ అందులోకెక్కాక రెండోది నా చేతికిచ్చారు. మా బోటుని వెనక తాడుతో కట్టుకుని బయల్దేరాం.

నాన్న నన్ను చూసి తల కొట్టుకున్నాడు. "బ్యాటరీ వాడికి ఫోన్ చేశాన్రా. ముందు బిగించమంటే మొదట బిగించమని! ముక్కుకి బిగించమని కాదు! వెనక చూద్దామంటే తర్వాత చూద్దామని!"

ఆవిడ తెడ్డు వదిలేసి నవ్వింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేలా, పొట్ట పట్టుకుని గట్టుదాకా నవ్వుతూనే ఉంది. దిగాక మాత్రం మొహం సీరియస్‌గా పెట్టి, "ఈ వారం శాంపిల్ మిస్సయింది. రేపు మళ్ళీ రావాలి," అంది. ఏ గట్టుకి రావాలో చెప్పలేదు.

ఆ సాయంత్రం బ్యాటరీ బాబాయ్ వచ్చి, నవ్వడం అయ్యాక, మోటార్‌ని బోటు వెనక అంచుకి పెట్టించాడు. అక్కడ క్లాంప్ దానికోసమే పుట్టినట్టు పట్టేసింది. బ్యాటరీ ముందుకెళ్ళింది. ఫ్యాన్ మొత్తం నీళ్ళలో మునిగేదాకా గొట్టం దించాం. తెడ్లు నాన్నే తెచ్చి లోపల పడేశాడు.

"బోటు ఒకచోట నిలబడాలంటే మోటార్ ఆపకూడదురా," అన్నాడు బాబాయ్. "గాలికి ఎదురుగా ముక్కు పెట్టి, హ్యాండిల్ కొంచెమే తిప్పు. గాలి తోసేదీ మోటార్ తోసేదీ చెల్లుకు చెల్లు."

చీకటి పడేదాకా అదే పని చేశాను. ఎన్నోసారికో బోటు నిలబడింది. చూడ్డానికి ఎవరూ లేరు. రేపు ఎవరైనా వస్తారో లేదో కూడా తెలీదు.

వచ్చింది. మా గట్టుకే.

పెట్టె పట్టుకుని ముందు సీటులో చెరువు వైపు తిరిగి కూర్చుంది. బోటు తిన్నగా వెళ్ళింది. నాకు ఆవిడ జడ తప్ప ఏమీ కనపడట్లేదు. తప్పుగా బిగించిన రోజే నయం, మొహమైనా కనపడింది అనుకున్నాను.

మధ్యకొచ్చాక గాలి గట్టిగానే ఉంది. ముక్కు గాలికి ఎదురుగా పెట్టాను. హ్యాండిల్ కొంచెం, ఇంకా కొంచెం, కాస్త తగ్గించి, చాలు. ఆవిడ తాడు వదిలింది. అది గీత గీసినట్టు నిటారుగా లోపలికి దిగింది. ఆవిడ తాడు వైపే చూస్తోంది. నేను ప్రాణాలు ఉగ్గబట్టుకుని హ్యాండిల్ పట్టుకుని ఉన్నాను. మాట్లాడితే ఎక్కడ జారిపోతుందోనని భయం. వేళ్ళు తిమ్మిరెక్కాయి.

చివరికి ఉండబట్టలేక అడిగాను. "సీసా నిండిందాండీ?"

"ఎప్పుడో నిండింది."

"మరి చెప్పలేదే?"

"ఎంతసేపు నిలబెడతారో చూద్దామని."

"మరి... అవతలి గట్టు ఆయన?"

"వద్దని చెప్పేశాను ఆయనకి."

"ఇప్పుడేనా?"

"నిన్న. ఇంటికెళ్ళగానే."

"నిన్నా? నిన్న మనం మునిగిపోయినంత పని..."

ఆవిడ సీటు మీద ఇటు తిరిగి, నాకు ఎదురుగా కూర్చుంది. "ఆయన బోటు కూడా ఒకసారి ఎక్కి చూశానండీ. తిన్నగానే వెళ్తుంది. వెళ్ళినంతసేపూ ఆయన మోటార్ గురించే చెప్పాడు. నిన్న మీరు మోటార్ గురించి చెప్పింది ఒక్క ముక్కే, తెలీదని. మిగతాదంతా నా గురించే."

నా చెయ్యి హ్యాండిల్ మీద ఉందో లేదో నాకు తెలీదు. బోటు మెల్లగా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఆవిడ తాడండీ అనలేదు, నేను సారీ అనలేదు.

గట్టు మీంచి నాన్న కేకేశాడు. "ఒరేయ్! మళ్ళీ ఆగిపోయిందా? తాడు తీసుకురమ్మంటావా?"

నేను నోరు తెరిచేలోపే ఆవిడ లేచి నిలబడి, చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా అరిచింది.

"వద్దు మావయ్యగారూ! మేమే వచ్చేస్తాం!"

నాన్న నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మమ్మల్నిద్దర్నీ చూశాడు. తర్వాత చెరువంతా వినపడేలా ఆయన గొంతు వచ్చింది.

"తొందరేం లేదమ్మా! నెమ్మదిగా రండి!"