రెండు గీతల రాకెట్

మధ్యాహ్నం గంట కొట్టకముందే ఆరో తరగతి పిల్లలంతా టీచర్ బల్ల చుట్టూ మూగారు. బల్ల మీద ఒక ఫొటో ఉంది. నల్లటి ఆకాశం, అడుగున మంచు మైదానం, నేల మీంచి లేచి కుడివైపుకి వంగిన తెల్లటి వెలుగు గీత. మొన్న రాత్రి లేచిన రాకెట్ దారి అది.

గొడవేమిటంటే, గీత ఒకటి కాదు, రెండు! పెద్ద గీతని అంటిపెట్టుకుని, పాలిపోయినట్టు ఇంకో సన్నటి గీత ఉంది.

“రెండో రాకెట్టే!” అని అరిచాడు జానిబెక్. “మనకి చెప్పకుండా ఇంకోటి వదిలారు!”

“నీకు చెప్పి వదలాలట్రా? నువ్వేమన్నా అక్కడ డైరెక్టరువా?” అంది రౌషన్ టీచర్. అన్నదే కానీ, ఆవిడా కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

రాకెట్లు వదిలే మైదానం పక్కనే ఉన్న మా తోరెతామ్‌లో రాకెట్ పెద్ద వింతేమీ కాదు. కిటికీ అద్దాలు గడగడలాడితే “ఆ, వెళ్లింది” అనుకుని ఇంకో గిన్నెడు చాయ్ పోసుకుంటాం. కానీ రెండు గీతలు మాత్రం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

ఫొటో తీసింది కమ్షాత్. కెమెరా ఆమె మేనమామ సాబిత్‌ది. మా దగ్గర మేనకోడలు నోరు తెరిచి అడిగితే మేనమామ కాదనకూడదు. ఆ ఆచారం పట్టుకునే కమ్షాత్ స్టాండుతో సహా కెమెరా ఎత్తుకొచ్చింది.

“ఎక్కడ నిలబడి తీశావమ్మా?” అని అడిగింది టీచర్.

“మా కొట్టం కప్పు మీద, టీచర్.”

“ఆ చలిలోనా? శభాష్!”

కమ్షాత్ బుగ్గలు ఎర్రబడ్డాయి. సంతోషంతో కాదు.

ఆ రాత్రి ఆమె కప్పు ఎక్కిన మాట నిజమే. కానీ గాలి చెవులు కొరికేస్తుంటే తట్టుకోలేక దిగి వచ్చేసింది. వంటింట్లో లైటు ఆర్పి, స్టాండుని కిటికీ దగ్గర నిలబెట్టింది. కిటికీ తెరుద్దామంటే వీలు కాదు. చలికాలం రాగానే మేము రెండు వరసల అద్దాలూ మూసి, మధ్యలో దూది కూరి, అంచులకి కాగితం అంటించేస్తాం. అందుకని అద్దాల్లోంచే తీసింది. ఎక్కడినుంచి తీస్తే ఏం, ఫొటో ఫొటోయే కదా అనుకుంది.

“నేను బయటే ఉన్నాను. ఒకటే వెళ్లింది,” అని వెనక నుంచి ఎవరో అన్నారు.

అందరూ తిరిగి చూశారు. తోలెగెన్. కమ్షాత్ వాళ్ల పక్కింటి అబ్బాయి. ఫోనుతో అతనూ ఒక ఫొటో తీశాడు. చీకట్లో మసక మసకగా ఒక చుక్క, అంతే.

“నీ కళ్లు గడ్డ కట్టుంటాయి!” అన్నాడు జానిబెక్. “నేను మా గుమ్మంలోంచి చూశాగా, రెండున్నాయి!”

“నేనూ రెండు చూశాను!”

“నేను కూడా!”

ఒకడు తానా అంటే మిగతావాళ్లు తందానా అన్నారు. వాళ్లలో సగం మంది ఆ వేళకి రజాయి కప్పుకుని గుర్రు పెడుతున్నవాళ్లే.

తోలెగెన్ కమ్షాత్ వైపు తిరిగాడు. “నువ్వూ బయటే ఉన్నావుగా. నువ్వు చెప్పు, ఎన్ని చూశావు?”

కమ్షాత్ కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిలలాడింది. ఎన్ని చూసింది తను? ఫొటోలో రెండున్నాయి. మరి ఫొటో అబద్ధం చెప్పదు కదా?

“రెండు,” అంది.

“రేపు దీన్ని హాల్లో గోడకి పెడదాం. తల్లిదండ్రులందరూ వస్తారు. కింద నీ పేరు రాద్దాం,” అంది టీచర్.

బడి అయ్యాక కమ్షాత్, తోలెగెన్ ఎప్పటిలాగే కలిసి ఇంటికి బయల్దేరారు. తోలెగెన్ దారిలో ఆగి, ఒక కన్ను మూసి కరెంటు స్తంభాన్ని చూశాడు. తర్వాత రెండో కన్ను మూసి చూశాడు.

“ఆ స్తంభం నీకు ఒకటే కనిపిస్తోందా?”

“ఒకటే. ఏం?”

“మా తాతయ్యకి కళ్లలో పొరలు వచ్చాయి కదా. నాకూ వస్తున్నాయేమో. అందరికీ కనిపించింది నాకు కనిపించలేదంటే మరేమిటి?” అతను కళ్లు నులుముకున్నాడు. “కళ్లు బాగాలేకపోతే రైలు డ్రైవరుగా తీసుకోరుట. మా నాన్న చెప్పాడు. సాయంత్రం అమ్మతో చెప్పేస్తాను, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని.”

తోలెగెన్‌కి నడక వచ్చినప్పటి నుంచీ రైళ్ల పిచ్చి. స్టేషన్లో ఆగే ప్రతి ఇంజనూ అతనికి చుట్టమే. ఆ సంగతి కమ్షాత్‌కి తెలియనిది కాదు. ఆమె తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నడిచింది.

ఇంటికొచ్చినా ఆమెకి ఏమీ పాలుపోలేదు. నాయనమ్మ పాల చాయ్ పోసి, నూనెలో వేయించిన పిండి ఉండలు, వేడి బౌర్సాక్‌లు పళ్లెంలో పెట్టింది. కమ్షాత్ ఒకటి కొరికి పక్కన పెట్టేసింది. అందరూ రెండు చూశామంటున్నారు. తోలెగెన్ ఎప్పుడూ అబద్ధం ఆడడు. ఫొటోలో రెండున్నాయి. నిజం ఏ వైపు ఉన్నట్టు?

అప్పుడే దూరంగా రైలు కూత వినిపించింది. చీకట్లో ఇంజను దీపం కిటికీలో మెరిసింది. దాని పక్కనే, కాస్త ఎడంగా, ఇంకో చిన్న దీపం పాలిపోయి కనిపించింది.

కమ్షాత్ గబుక్కున లేచింది. చెప్పులైనా వేసుకోకుండా, మేజోళ్లతోనే గుమ్మంలోకి పరుగెత్తింది. బయట దీపం ఒకటే. లోపలికి వచ్చి చూసింది. రెండు! మళ్లీ బయటికి వెళ్లింది. ఒకటే!

“ఒసేయ్, ఆ తలుపు నీ అత్తగారింటిదా? పొయ్యిలో వేడంతా ఊరికి పంచుతున్నావు!” అని అరిచింది నాయనమ్మ.

కమ్షాత్ కిటికీ దగ్గర నిలబడిపోయింది. దీపం ఒకటే. బయటి అద్దానికీ లోపలి అద్దానికీ మధ్య వెలుగు తగిలి వెనక్కి మళ్లి, ఇంకో దీపాన్ని చూపిస్తోంది. రాకెట్‌కి జరిగిందీ అదే. రెండో రాకెట్ లేదు. తోలెగెన్ కళ్లు నిక్షేపంగా ఉన్నాయి.

ఈ సంగతి తను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే గోడ మీద ఫొటో ఉండదు, శభాష్ ఉండదు, జానిబెక్ ఏడాది పొడుగునా ఏడిపిస్తాడు. ఆమెకి ఏడుపొచ్చింది. బౌర్సాక్‌ల పళ్లెం అక్కడే వదిలేసి పక్కింటికి వెళ్లింది.

తోలెగెన్ వాళ్లమ్మ అప్పటికే అతన్ని దీపం కింద కూర్చోబెట్టి, కనురెప్ప పైకెత్తి చూస్తోంది.

“అత్తా, తోలెగెన్ కళ్లకి ఏమీ కాలేదు,” అంది కమ్షాత్. “నేను కప్పు మీంచి తీయలేదు. మా వంటింటి కిటికీలోంచి తీశాను. రెండో గీత అద్దాల వల్ల వచ్చింది. కావాలంటే వచ్చి చూడండి.”

తోలెగెన్ అమ్మ చెయ్యి తప్పించుకుని లేచాడు. “మరి రెండు చూశానన్నావు?”

“ఒక్కటి కూడా చూడలేదు.” కమ్షాత్ ముక్కు ఎగబీల్చింది. “బొత్తాం నొక్కి పట్టుకున్నంతసేపూ కెమెరా కన్ను తెరుచుకుని ఉంటుంది. చెయ్యి జారుతుందేమోనని కెమెరా మీది ఎర్ర దీపాన్నే చూస్తూ కూర్చున్నాను. తల ఎత్తేసరికి అయిపోయింది.”

“చూసినవాడికి అనుమానమూ, చూడనిదానికి శభాషూనా!” అన్నాడు తోలెగెన్ కోపంగా. ఆ మాట అనేసి మొహం తిప్పుకున్నాడు.

మర్నాడు క్లాసులో టీచర్ అడగకముందే కమ్షాత్ లేచి నిలబడింది. వంటింటి కిటికీ సంగతి మొదలుపెట్టి, తోలెగెన్‌కి చెప్పిన అబద్ధం దాకా అంతా చెప్పేసింది.

“అలాగా,” అంది టీచర్. “మరి రెండు రాకెట్లు చూసినవాళ్లు ఒకసారి చేతులెత్తండి.”

ఒక్క చెయ్యీ లేవలేదు. జానిబెక్ ఎంతో శ్రద్ధగా బూటు తాడు కట్టుకుంటున్నాడు.

హాల్లో గోడ మీదికి తోలెగెన్ తీసిన మసక చుక్క ఫొటో ఎక్కింది. కమ్షాత్‌ది టీచర్ సొరుగులోకి వెళ్లింది. తోలెగెన్ వారం రోజులు ఒంటరిగానే ఇంటికి నడిచాడు. కమ్షాత్ వెనకాలే, కొంచెం దూరంలో నడిచింది. పలకరించమని బతిమాలలేదు.

మంచు కరగకముందే ఇంకో రాత్రి రాకెట్ లేస్తుందని తెలిసింది. తోలెగెన్ తమ కొట్టం కప్పు ఎక్కి చూసేసరికి, పక్క కప్పు మీద ఎవరో ఉన్నారు. నాయనమ్మ శాలువా తల నిండా చుట్టుకుని కమ్షాత్ నిలబడి ఉంది. ఆమె చేతుల్లో ఏమీ లేదు.

“కెమెరా ఏదీ?” అని కేకేశాడు తోలెగెన్.

“మామయ్యకి ఇచ్చేశాను.”

“చెవులు ఊడిపోతాయి, లోపలికి పో.”

“ఊడితే ఊడనీ.”

అతను పక్కకి జరిగి చోటిచ్చాడు. “అక్కడ రేకు అడ్డం. ఇటు రా.”

ఆమె గోడ దాటి వచ్చి పక్కన నిలబడింది. ఉన్నట్టుండి మైదానమంతా వెలుగు పరుచుకుంది. మంచు నారింజ రంగులోకి తిరిగింది. నిప్పు ముద్ద ఒకటి చప్పుడు లేకుండా నేలని వదిలి, పైకి, ఇంకా పైకి లేచింది. చప్పుడు తర్వాత వచ్చి కాళ్ల కింద కప్పుని వణికించింది. కమ్షాత్ కళ్లలోంచి చలికి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు, రెప్ప వేయలేదు. అది చుక్కల్లో కలిసిపోయేదాకా తల దించలేదు.

“చూశావా?” అని అడిగాడు తోలెగెన్.

“చూశాను,” అంది కమ్షాత్.