గుడ్డ పడవలో లెక్క

నమ్మవని తెలుసు గ్రాన్యా. దమ్ముంటే చివరిదాకా చదివి, అప్పుడు అబద్ధం అను చూద్దాం.

శనివారం ఊరేగింపు. నువ్వు కార్క్‌లో మీ పిన్ని ఇంట్లో కూర్చుని చిప్స్ మెక్కుతున్నావు, ఇక్కడ గాల్వే మొత్తం రోడ్డు మీదే ఉంది. సాయంత్రం ఆరింటికి కూడా కళ్ళు తెరవలేనంత ఎండ. ఒక్క చినుకు లేదు. అది గుర్తుపెట్టుకో.

ఈసారి మా గుంపుది పడవ. పాతకాలం క్లాడా జాలరిపేట పడవలాగే నల్లటి ఒళ్ళు, ఎర్ర తెరచాపలు. అంతా సన్న కర్రలూ గుడ్డా. లోపల ఏడుగురం ఒకరి వెనక ఒకరం మోసుకుంటూ నడవాలి. నేను ఆరు. నా వెనక మా చెల్లి షీఫ్రా, పన్నెండేళ్ళది, ఏడు. దాని వెనక ఎవరూ లేరు. గుడ్డ కుట్టేశారు.

లోపల ఏమీ కనబడదు కదా, అందుకని ముందు నడిచే కిలియన్ ఈల వేస్తాడు. వెయ్యగానే ఒకటి, రెండు అని వరసగా అరవాలి, ఎవరూ పడిపోలేదని వాడికి తెలియాలిగా. వాడు డబ్లిన్ వాడు, వాడికేం తెలుసు.

మా అమ్మమ్మ క్లాడాలో పుట్టింది. పొద్దున ఇది విని టీ కప్పు కింద పెట్టేసింది. "పడవలో మనుషుల్ని లెక్కపెట్టకూడదే. సముద్రం వింటుంది. తన మనిషిని కలిపేస్తుంది."

"అది గుడ్డ పడవ అమ్మమ్మా. దానికి ఈత కూడా రాదు."

"చిన్నదాన్ని మాత్రం చివర పెట్టకు."

పెట్టా. చివర బరువు తక్కువని.

వంతెన దాకా బాగానే ఉంది. లోపల జిగురు కంపు, చెమట కంపు, బయట డప్పులు. వంతెన ఎక్కగానే డప్పులు ఎటో పోయాయి. కింద కారిబ్ నది హోరు ఒక్కటే. ఈల పడింది. ఒకటి, రెండు... నేను ఆరు, షీఫ్రా ఏడు.

"ఎనిమిది."

నా ముందు నడుస్తున్న లోర్కన్ నవ్వాడు. "ఎవడ్రా ఆ వెధవ?" నేనూ నవ్వా.

"అక్కా," షీఫ్రా గుసగుసగా. "నా వెనక ఎవరో ఉన్నారు."

"గుడ్డ ఉంది. నడు."

"ఊపిరి తగుల్తోంది అక్కా. చల్లగా ఉంది. నీ ముందుకి వచ్చేయనా?"

"పడవ పడిపోద్ది. నోర్మూసుకుని నడు."

అవును, అలాగే అన్నా.

అప్పుడు వాసన. కుళ్ళిన నాచు. కాళ్ళ కింద రోడ్డు తడిగా ఉంది. మళ్ళీ ఈల.

"ఆరు," అన్నా.

"ఏడు."

అది షీఫ్రా కాదు. సరిగ్గా నా మెడ దగ్గర. ఆడో మగో చెప్పలేను... నీళ్ళు నిండిన గొంతు.

తర్వాత చాలా దూరం నుంచి... మా పడవ అంత పొడుగే లేదు... షీఫ్రా.

"ఎనిమిది."

మా ఇద్దరి మధ్యకి వచ్చేసింది అది.

చెల్లి దొరుకుతుందేమోనని వెనక్కి చెయ్యి చాపా. ఓ చెయ్యి దొరికింది. పెద్దది. మెత్తగా ఉంది. నా వేళ్ళు అందులోకి దిగిపోయాయి...

లాక్కున్నా. కర్ర వదిలేసి అరిచా. పడవ కూలింది.

గుడ్డ ఎత్తారు. ఏడుగురమే. షీఫ్రా తన చోట్లోనే నిలబడి ఉంది. బట్టలు పొడిగా ఉన్నాయి. జుట్టులోంచి మాత్రం నీళ్ళు కారుతున్నాయి. ఇంటికి తీసుకెళ్తే అమ్మమ్మ దాని జుట్టు ముట్టుకుని వాసన పీల్చింది. నా వైపు చూసింది, అంతే.

మూడు రోజులైంది. తింటోంది, టీవీ చూస్తోంది, అమ్మేమో బానే ఉందిగా అంటోంది. కానీ నన్ను అక్కా అనట్లేదు. "ఆరూ" అంటోంది. ఇందాక అడిగేశా, "నువ్వు షీఫ్రావేనా?" అని. టీవీ మీంచి కళ్ళు నా వైపు తిప్పింది.

"ముందుకి వచ్చేయనా అని అడిగిందిగా," అంది. "నువ్వే వద్దన్నావు."

"అడిగింది" అంది, గ్రాన్యా. "అడిగాను" అనలేదు.

ఉండు, అమ్మ పిలుస్తోంది. షీఫ్రా స్నానాల గదిలో గడియ పెట్టుకుందట. లోపల రెండు గొంతులట, రెండూ దానివేనట. ఒకటి తలుపు తియ్యమంటోందట, ఇంకోటి వద్దంటోం—