పన్నెండు నలభైకి సెకండ్ హ్యాండ్ ఫోన్

"నీ ఫోన్ లీకైంది, డేగా. పారేసి వేరేది కొనుక్కో."

చీఫ్ అంతే చెప్పి లైన్ కట్ చేశాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు వేషంలో ఉన్న గూఢచారి డేగ ఫోన్‌ను మురుగుకాలవలోకి వదిలాడు. టైమ్ పన్నెండు నలభై.

సరిగ్గా ఒంటిగంటకు ఊరి అవతలి కొసన ప్రొఫెసర్ కాన్ఫరెన్స్ హాల్ మెట్లు దిగుతాడు. క్షిపణుల కోడ్ ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. ఎదురు మేడ మూడో అంతస్తులో విదేశీ ముఠా మనిషి రైఫిల్‌తో కాచుకున్నాడని డేగ ఇప్పుడే పసిగట్టాడు. అది చెప్పబోతుండగానే చీఫ్ లైన్ తెగింది.

ప్రొఫెసర్ ఫోన్ ఒక్క సిమ్‌కే పలుకుతుంది. ఆ సిమ్ డేగ బూటు మడమలో ఉంది. కాంట్రాక్ట్‌తో ఒకే కంపెనీ సిమ్‌కు లాక్ చేసిన ఫోన్లో అది పనిచేయదు. ఈ ఊళ్లో అందరివీ అలాంటివే. కొత్తది కొనాలంటే గుర్తింపు కార్డు, సంతకం, గంటసేపు వెరిఫికేషన్.

సందు చివర పాత ఫోన్ల షాపులోకి దూరాడు.

"కాంట్రాక్ట్ లేనిది కావాలమ్మా."

షాపావిడ సొరుగు తీసింది. "ఇదొక్కటే ఉంది సార్. పొద్దున్నే ఎవరో అమ్మి వెళ్లారు."

"బిల్లు?"

"లేదు."

"ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తెలుసా?"

"మొహం సరిగా చూళ్లేదు సార్."

డేగ ఫోన్ తిప్పి చూశాడు. ఒక మూల చిన్న గీత తప్ప ఏమీ తెలియలేదు.

"అది కొనకు, మరిదీ."

నల్లకళ్లద్దాలు, ఖరీదైన అత్తరు. గుమ్మంలో వదిన. పోయిన అన్న భార్య. ఇటు డేగ పనిచేసే ఏజెన్సీకీ అటు ముఠాకీ రహస్యాలు అమ్ముతుందని ఫైల్ చెబుతుంది. అన్న చావులో ఆమె చెయ్యి ఉందో లేదో మాత్రం చెప్పదు.

"నువ్వొస్తావని తెలిసే ముఠావాళ్లు పెట్టారు. దాంట్లో ఏం మాట్లాడినా వాళ్లకు వినబడుతుంది."

"నిన్ను నమ్మమంటావా, వదినా?"

"నమ్మకపోయినా చెప్పాలిగా."

ఆమె చెప్పింది నిజమైతే, ప్రొఫెసర్‌ను వేరే గేటుకు పంపినా తుపాకీ అటే తిరుగుతుంది. అబద్ధమైతే, కొనకపోవడమే ఆయన్ని చంపడం. అడగడానికి చీఫ్ లేడు. తేల్చుకోవడానికి టైమ్ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

జేబులో ఉన్నదంతా కౌంటర్ మీద పెట్టాడు. "ఇవ్వండి."

వదిన వెనుదిరిగి వెళ్లి సందు మొగలో నిలబడింది.

సిమ్ వేసి ఆన్ చేశాడు. స్క్రీన్ మీద గుండ్రటి చక్రం తిరుగుతూనే ఉంది. పన్నెండు యాభై ఆరు. యాభై ఎనిమిది. చూస్తూ నిలబడటం తప్ప చేయగలిగింది లేదు. యాభై తొమ్మిదికి రింగ్ వెళ్లింది.

"గొడుగు తెచ్చారా?"

"వాన రాదన్నారుగా," అన్నాడు ప్రొఫెసర్. సంకేతం సరిపోయింది.

"కదలకండి. ఎదురు మేడ మూడో అంతస్తులో తుపాకీ ఉంది. మనవాళ్లు మెట్లెక్కేశారు. వాడి గది తలుపు దగ్గరే ఉన్నారు."

మెట్ల మీద ఎవరూ లేరు. ఎవరు వింటున్నా వినకపోయినా పనికొచ్చే అబద్ధం అదొక్కటే: వింటే తుపాకీవాడు పారిపోతాడు, వినకపోతే ప్రొఫెసర్ లోపలే ఆగుతాడు. డేగ ఫోన్‌ను చెవికి అదిమాడు.

"ఎవడో ఆ మేడలోంచి బయటికి పరిగెత్తుకొచ్చాడయ్యా," అన్నాడు ప్రొఫెసర్ మెల్లగా. "పొడుగాటి సంచి ఉంది. మా గేటు దగ్గర గార్డులు పడగొట్టి పట్టుకున్నారు."

అంటే విన్నారు. వదిన నిజమే చెప్పింది.

డేగ గుమ్మంలోకి ఉరికాడు. సందు మొగలో ఇద్దరు ముఠా మనుషులు ఆమెను చెరో రెక్కా పట్టుకుని కారులోకి నెడుతున్నారు. అతను పరిగెత్తాడు. తలుపు మూసుకుంది. కారు ట్రాఫిక్‌లో కలిసిపోయింది. నంబర్ ప్లేటు కూడా కనబడలేదు.

తిరిగొచ్చేసరికి షాపావిడ రసీదు పట్టుకుని నిలబడి ఉంది.

"ఫోన్ బాగా వినబడుతోందా సార్?"

డేగ కౌంటర్‌కు ఆనుకున్నాడు.

"బ్రహ్మాండంగా వినబడుతోందమ్మా. అందరికీ."